పాపాయి పాత చొక్కా, కలరా ఉండల వాసన

పుట్టిన బిడ్డకు మొదట తొడిగేది పాత చొక్కానే. మన ఇళ్ళలో చాలాచోట్ల ఇది తరతరాలుగా వస్తున్న అలవాటు. అన్నయ్యదో, అక్కదో, పిన్నికూతురిదో, ఎవరో ఒకరి నూలుచొక్కా పెట్టెలోంచి బయటికి వస్తుంది. పాతిక ముప్ఫైసార్లు ఉతికి ఎండేసిన బట్ట కాబట్టి మెత్తగా ఉంటుంది. కొత్తబట్టలోని గంజి, రంగు, బిరుసు దానిలో ఉండవు. పసిబిడ్డ చర్మం ఒరుసుకుపోదు. ఆలోచిస్తే ఈ అలవాటు వెనుక మంచి శాస్త్రమే ఉంది.

ఇప్పుడు ఈ చొక్కా చుట్టాల ఇంటి నుంచే రానక్కరలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ పిల్లలు వాడి విడిచిన చొక్కాలు, లాగులు, దుప్పట్లు ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. పసిపిల్లలు నెలనెలా ఎదుగుతారు. మూడు నెలలు కూడా వేసుకోని చొక్కాకు కొత్త ధర ఎందుకు పెట్టాలి? డబ్బు ఆదా అవుతుంది, బట్టా వృథా కాదు. కానీ ఒక చిక్కుంది. ఫోనులో బట్ట బొమ్మ కనిపిస్తుంది గాని వాసన తెలియదు కదా! పొట్లం విప్పగానే ముక్కు మూసుకోవలసి వస్తుంది. ఒక చొక్కా ముక్కవాసన, ఒకటి పుల్లటి పాల వాసన. ఇంకొకటి మాత్రం ఘాటుగా, చల్లగా, మనందరికీ బాగా తెలిసిన వాసన. కలరా ఉండల వాసన!

ఈ మూడింటిలో మీకు ఏది తక్కువ ఇబ్బంది అనిపిస్తుంది? చాలామంది మూడోదే అంటారు. "అది శుభ్రమైన వాసనే కదా, జాగ్రత్తగా దాచినట్టున్నారు" అంటారు. సరిగ్గా ఇక్కడే మన ముక్కు మనల్ని మోసం చేస్తుంది. ఆ మూడింటిలో అప్పుడే పుట్టిన బిడ్డ ప్రాణానికి ముప్పు తేగలిగినది ఆ శుభ్రమైన వాసనే. ఈ సంగతి వైద్యులకు తెలియడానికి ఆ పదార్థాన్ని కనుగొన్న తరువాత 100 ఏళ్ళకు పైగా పట్టింది. ఆ చరిత్ర ఏమిటో చూద్దాం.

వాసనే జబ్బు అనుకున్న రోజులు

19వ శతాబ్దం మధ్యదాకా యూరప్ వైద్యుల్లో ఎక్కువమంది జబ్బులన్నీ చెడుగాలి వల్ల వస్తాయని నమ్మేవారు. కుళ్ళిన చెత్త, మురుగుకాలువల నుంచి లేచే దుర్వాసనే కలరాకు కారణమని వాళ్ళ ఉద్దేశం. వాసనే జబ్బు అయితే మందు ఏమిటి? ఇంకొక ఘాటైన వాసన! కర్పూరం, వెనిగర్, తారు, గంధకం పొగ, ఇలా ముక్కు అదిరే ప్రతి పదార్థాన్నీ జనం రక్షణగా వాడారు.

1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవారి ఇళ్ళను పటంలో గుర్తు పెట్టుకుంటూ వెళ్ళాడు. బ్రాడ్ వీధిలోని ఒక నీటిపంపు చుట్టూ ఎక్కువ మరణాలు ఉన్నట్టు తేలింది. జబ్బు గాలిలో కాదు, నీటిలో ఉందని ఆయన వాదించాడు. అదే 1854లో ఇటలీలో ఫిలిప్పో పాచిని కలరా రోగుల పేగుల్లో వంకర సూక్ష్మజీవులను మైక్రోస్కోపులో చూశాడు. అప్పట్లో ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు. 1884లో మన కలకత్తాలో పనిచేస్తూ రాబర్ట్ కాక్ కలరా క్రిమిని వేరుచేసి చూపించాక గాని దుర్వాసన సిద్ధాంతం బలహీనపడలేదు.

సిద్ధాంతం పోయింది, అలవాటు మాత్రం మిగిలింది. దుర్వాసన వస్తే దాని మూలం వెతికి తీసేయడానికి బదులు మరొక వాసనతో కప్పేస్తాం. ఆ అలవాటు ఇవాళ్టికీ మన బీరువాల్లో, స్నానాలగదుల్లో, ఒక్కొక్కప్పుడు ఉయ్యాల పక్కన కూడా కనిపిస్తుంది.

తారులోంచి వచ్చిన తెల్లని పలుకులు

అదే శతాబ్దం మొదట్లో లండన్ వీధుల్లో గ్యాసు దీపాలు వెలిగాయి. బొగ్గును గాలి తగలకుండా కాల్చితే ఆ గ్యాసు వస్తుంది. అడుగున నల్లటి, జిగట తారు మిగులుతుంది. దాన్ని ఏం చేయాలో మొదట్లో ఎవరికీ తెలియలేదు. 1820ల మొదట్లో రసాయన శాస్త్రజ్ఞులు ఆ తారును బట్టీపట్టి చూస్తే ఘాటైన వాసనగల తెల్లని పలుకులు దొరికాయి. 1821లో ఇంగ్లండుకు చెందిన జాన్ కిడ్ దాని గుణాలను వివరించి పేరు పెట్టాడు. అదే నాఫ్తలీన్. 1826లో మైకేల్ ఫారడే దానిలో కార్బన్, హైడ్రోజన్‌లు ఏ పాళ్ళలో ఉన్నాయో లెక్కకట్టాడు. విద్యుత్తు పాఠంలో మీరు చదువుకునే ఫారడేనే! 1866లో ఎమిల్ ఎర్లెన్‌మేయర్ దాని నిర్మాణాన్ని ఊహించాడు. రెండు ఆరుకోణాల వలయాలు ఒక పక్కన అతుక్కొని ఉంటాయి. వాటిలో 10 కార్బన్, 8 హైడ్రోజన్ పరమాణువులు.

నాఫ్తలీన్‌కు ఒక విచిత్ర గుణం ఉంది. అది 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కానీ గదిలో మామూలు వేడికే, కరగకుండానే, ఘనస్థితి నుంచి నేరుగా ఆవిరిగా మారుతుంది. దీన్ని ఉత్పతనం అంటారు. పెట్టెలో వేసిన ఉండ నెలలు గడిచేకొద్దీ చిక్కి మాయమవడం మీరు చూసే ఉంటారు. అది ఎక్కడికీ పోలేదు. ఆవిరై పెట్టెలోని బట్టల పోగుపోగులోకీ చేరింది. ఆ ఆవిరి ఉన్నిని తినే పురుగులను చంపుతుంది. అందుకే అది ఇళ్ళలోకి ప్రవేశించింది.

మన తెలుగువాళ్ళు ఈ ఉండలకు పెట్టుకున్న పేర్లు చూడండి. కొన్నిచోట్ల కలరా ఉండలు అంటారు. హైదరాబాదు వైపు డాంబర్ గోళీలు అంటారు. డాంబర్ అంటే తారు. అంటే ఆ పేరులోనే దాని పుట్టుక ఉంది! ఇక కలరాతో దీనికి సంబంధం ఏమిటి? ఈ ఉండలు కలరా క్రిమి నుంచి ఎవరినీ కాపాడలేవు. కానీ 19వ శతాబ్దం చివర్లో కొందరు వైద్యులు పేగుల్లోని క్రిములను చంపుతుందని నాఫ్తలీన్‌ను మందుగా మింగించిన మాట నిజం. ఘాటైన వాసనను రక్షణగా భావించే కాలం జ్ఞాపకం ఆ పేరులో వినిపిస్తుంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి గుర్తుపెట్టుకోండి. ఉన్నిపురుగు లార్వాకు కావలసింది కెరటిన్ అనే ప్రోటీన్. అది ఉన్నిలో, ఈకల్లో, వెంట్రుకల్లో ఉంటుంది. నూలు అంటే సెల్యులోజ్. ఉతికి ఆరబెట్టిన శుభ్రమైన నూలుచొక్కా ఆ పురుగుకు తిండే కాదు. కాబట్టి పాపాయి నూలుబట్టల మధ్య ఈ ఉండలు పెట్టడంలో అసలు అర్థమే లేదు!

బట్టలే కారణమని తెలిసిన వేళ

బిడ్డ ఒంటిమీది బట్టలోంచి విషం ఎక్కగలదని వైద్యులు మొదటిసారి గ్రహించింది వాసన వల్ల కాదు, రంగు వల్ల. 1886లో బ్రిటిష్ వైద్యుడు రేనర్ అప్పుడే పుట్టిన కొందరు బిడ్డలు నీలంగా మారడం గురించి రాశాడు. గుండె జబ్బు లేదు, ఊపిరితిత్తుల జబ్బు లేదు. చివరికి దొంగ దొరికింది. ఆస్పత్రి బట్టలు కలిసిపోకుండా వాటిమీద వేసే ముద్ర! ఆ సిరాలో తారునుంచి తయారయ్యే అనిలిన్ ఉంది. అది బిడ్డ పలుచని చర్మం గుండా రక్తంలోకి చేరి, హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్‌ను మోసే శక్తి లేకుండా చేసింది.

నాఫ్తలీన్ వంతు తరువాత వచ్చింది. 1949లో అమెరికా వైద్యులు జుయెల్జర్, ఆప్ట్ నాఫ్తలీన్ లోపలికి పోయిన పిల్లల్లో ఎర్ర రక్తకణాలు పగిలిపోయి తీవ్రమైన రక్తహీనత రావడాన్ని వివరించారు. ఉండను మింగితే ప్రమాదమని అందరూ ఒప్పుకున్నారు. మరి వాసన పీల్చితే? 1951లో అలాంటి జబ్బే ఒక నవజాత శిశువుకు వచ్చినట్టు మరో నివేదిక వచ్చింది. అప్పుడే పుట్టిన బిడ్డ ఉండను మింగలేడు కదా! అనుమానం ఆ బిడ్డకు వాడిన, ఉండలతో దాచిన బట్టల మీదికి మళ్ళింది. 1958లో డాసన్, థేయర్, డెస్‌ఫోర్జెస్ అనేవారు ఇలాంటివే మరో రెండు కేసులు పరిశోధించి ప్రచురించారు.

1963లో గ్రీసు దేశం నుంచి వచ్చిన నివేదిక సందేహానికి తావు లేకుండా చేసింది. వలాయెస్, డాక్సియాడిస్, ఫెసాస్ అనే వైద్యులు నాఫ్తలీన్ వల్ల రక్తకణాలు పగిలిన 21 మంది పసిబిడ్డల వివరాలు సేకరించారు. వీరిలో చాలామంది బిడ్డల ఒంటికి ఆ బట్టలు నేరుగా తగలనే లేదు. ఉండల మధ్య దాచిన దుప్పట్లు, ఉన్నిబట్టలు గదిలో ఉన్నాయి. బిడ్డలు ఆ గాలి పీల్చారు, అంతే. కొందరికి కామెర్లు మెదడుదాకా వెళ్ళాయి. ఇద్దరు చనిపోయారు. దుప్పటి బయటికి తీసిన తల్లి ఏమనుకొని ఉంటుంది? బిడ్డకు చలి పుట్టకూడదనే కదా!

అయితే ఒక ప్రశ్న మిగిలింది. ఎన్నో ఇళ్ళలో ఈ ఉండలు వాడుతున్నారు. అందరు బిడ్డలకూ ఎందుకు జబ్బు రావడం లేదు? దీనికి జవాబు ఒక జైల్లో దొరికింది.

జైల్లో దొరికిన జవాబు

రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైనికులు మలేరియాతో బాధపడ్డారు. కొత్త మందుల కోసం ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్టేట్‌విల్ జైలు ఖైదీలపై ప్రయోగాలు జరిగాయి. ఖైదీలకు కావాలని మలేరియా ఎక్కించి మందులు ఇచ్చి చూసేవారు. జైల్లో ఉన్న మనిషి ఇచ్చే సమ్మతి నిజమైన సమ్మతేనా అని ఆ ప్రయోగాలను తరువాత చాలామంది తప్పుపట్టారు. ఈ చరిత్ర చదివేటప్పుడు ఆ సంగతి మరచిపోకూడదు.

అక్కడ ప్రైమాక్విన్ అనే మందు ఇచ్చినప్పుడు కొందరు ఖైదీలకు, ముఖ్యంగా నల్లజాతివారిలో కొందరికి, మూత్రం నల్లగా రావడం, రక్తం తగ్గిపోవడం కనిపించింది. తప్పు మందులో ఉందా, రక్తంలో ఉందా? 1956లో పాల్ కార్సన్, ఆల్ఫ్ ఆల్వింగ్, వారి సహచరులు జవాబు చెప్పారు. అలాంటివారి ఎర్ర రక్తకణాల్లో ఒక ఎంజైము తక్కువగా ఉంది. దాని పేరు గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్. నోరు తిరగని పేరు కాబట్టి జి6పిడి అందాం.

ఈ ఎంజైము చేసే పనేమిటి? కోసిన వంకాయ ముక్క గాలి తగిలి నల్లబడటం మీకు తెలుసు. ఆక్సీకరణం అంటే అలాంటిదే. ఎర్ర రక్తకణం రోజంతా ఆక్సిజన్‌ను మోస్తుంది కాబట్టి దానికి ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. దాన్ని కాపాడేది గ్లూటాథయోన్ అనే పదార్థం. వాడిన గ్లూటాథయోన్‌ను మళ్ళీ పనికి సిద్ధం చేయడానికి కావలసిన సరుకును అందించేది జి6పిడి. ఎర్ర రక్తకణంలో కేంద్రకం లేదు కాబట్టి అది కొత్త ఎంజైమును తయారుచేసుకోలేదు. పుట్టినప్పుడు ఉన్నదానితోనే బతుకంతా గడపాలి.

ఇప్పుడు నాఫ్తలీన్ ఆవిరి లోపలికి వెళ్ళిందనుకోండి. కాలేయంలో అది నాఫ్తాల్, నాఫ్తోక్వినోన్ అనే పదార్థాలుగా మారుతుంది. ఇవి ఎర్రకణాలను ఆక్సీకరణానికి గురిచేస్తాయి. జి6పిడి తగినంత ఉంటే కణం తట్టుకుంటుంది. లేకపోతే హీమోగ్లోబిన్ ముద్దలు కడుతుంది. 1890లో రాబర్ట్ హైంజ్ వర్ణించిన ఈ ముద్దలను హైంజ్ బాడీస్ అంటారు. ముద్దలు కట్టిన కణాలు పగిలిపోతాయి. పగిలిన కణాల హీమోగ్లోబిన్ నుంచి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వస్తుంది. పెద్దవాళ్ళ కాలేయం దాన్ని బయటికి పంపగలదు. పుట్టిన కొత్తలో బిడ్డ కాలేయానికి ఆ శక్తి ఇంకా పూర్తిగా రాదు. బిలిరుబిన్ మరీ పెరిగితే మెదడులోకి చేరి చెవుడు, శాశ్వతమైన కదలికల లోపం, చివరికి మరణం కూడా తేవచ్చు.

గ్రీసు బిడ్డల్లో దాదాపు సగంమందికి జి6పిడి లోపం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. మిగిలిన సగం సంగతి కూడా గమనించండి. లోపం లేని పసిబిడ్డ కూడా పూర్తిగా క్షేమం కాదన్న మాట.

మలేరియా వదిలిన గుర్తు

జి6పిడి లోపం ప్రపంచంలో సుమారు 40 కోట్లమందికి ఉందని అంచనా. ఆఫ్రికా, మధ్యధరా తీరం, పశ్చిమాసియా, మన దేశం, ఆగ్నేయాసియా. ఈ ప్రాంతాలను పటంలో గుర్తుపెడితే పాత మలేరియా పటంలాగే కనిపిస్తుంది. ఎందుకని?

1949లో జె.బి.ఎస్. హాల్డేన్ ఒక ఊహ చెప్పాడు. కొన్ని రక్తలోపాలు మలేరియా నుంచి కొంత రక్షణ ఇస్తాయి, అందుకే మలేరియా ప్రాంతాల్లో అవి తరతరాలుగా నిలిచిపోయాయి అన్నాడు. ఆయన చెప్పింది థలసీమియా గురించి. తరువాత ఇతర శాస్త్రజ్ఞులు జి6పిడి లోపానికి కూడా ఇది వర్తిస్తుందని చూపించారు. హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం ఆయన శరీరాన్ని వైద్యవిద్యార్థుల కోసం కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.

మన దేశంలో ఈ లోపం అన్ని సమూహాల్లో ఒకేలా లేదు. పార్సీల్లో, మలేరియా ఎక్కువగా ఉన్న అటవీ ప్రాంతాల గిరిజన సమూహాల్లో కొన్నింటిలో ఎక్కువగా కనిపిస్తుంది. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కాబట్టి లోపం మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది. లోపం ఉన్నవారిలో చాలామంది జీవితమంతా ఆరోగ్యంగానే ఉంటారు. తమకు లోపం ఉన్నట్టు వాళ్ళకే తెలియదు. కాబట్టి "మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు" అన్న మాట మీ ఇంటికి కొత్తగా వచ్చిన బిడ్డ విషయంలో పనికిరాదు.

ఇంకొక విషయం. నాఫ్తలీన్ నీళ్ళలో దాదాపు కరగదు, నూనెలో బాగా కరుగుతుంది. మనం బిడ్డకు ఒళ్ళంతా నూనె రాసి, ఆ తరువాత బట్ట తొడుగుతాం. నూనె రాసిన చర్మానికి ఉండల వాసనగల బట్ట తగిలితే ఆ పదార్థం ఒంట్లోకి వెళ్ళడం మరింత సులువవుతుంది.

వాసనను కప్పకండి, తీసేయండి

మీకు వాసన వచ్చిందంటే అర్థం ఏమిటి? ఆ పదార్థపు అణువులు మీ ముక్కులోకి చేరాయని. అంటే ఊపిరితోపాటు కొంత లోపలికి కూడా వెళ్ళిందని. పౌడరు, సెంటు, సాంబ్రాణి పొగ ఆ అణువులను తీసేయవు. మరికొన్ని అణువులను చేరుస్తాయి. పైగా పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు. కాబట్టి ముందుగా ఏ వాసన ఎక్కడి నుంచి వస్తున్నదో తెలుసుకోవాలి.

పుల్లటి పాల వాసన: పాలలోని కొవ్వు విరిగినప్పుడు బ్యుటిరిక్ ఆమ్లం వస్తుంది. కొవ్వుల రసాయన శాస్త్రానికి పునాది వేసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షెవ్రల్ 1823లో అచ్చయిన తన గ్రంథంలో దీన్ని వివరించాడు. ఇది ఆమ్లం కాబట్టి క్షారంతో లొంగుతుంది. వంటసోడా కలిపిన నీళ్ళలో నానబెడితే ఆమ్లం లవణంగా మారుతుంది. లవణం ఆవిరి కాదు, నీళ్ళలో కరిగి పోతుంది. మన చాకలివాళ్ళు చౌడుమట్టితో చేసింది ఇదే రసాయన చర్య. చౌడులో ఉండేది ప్రధానంగా సోడియం కార్బొనేటు, బైకార్బొనేటులే.

ఉచ్చ వాసన: మూత్రంలోని యూరియాను కొన్ని బాక్టీరియా అమ్మోనియాగా మారుస్తాయి. 1921లో అమెరికా వైద్యుడు కుక్ పసిపిల్లల గుడ్డల్లో ఈ పని చేసే బాక్టీరియాను గుర్తించాడు. అమ్మోనియా క్షారం కాబట్టి దీనికి విరుగుడు ఆమ్లం. జాడించే నీళ్ళలో కొంచెం వెనిగర్ వేస్తే చాలు. కానీ జాగ్రత్త! బ్లీచింగ్ ద్రావణాన్ని వెనిగర్‌తో గాని, అమ్మోనియాతో గాని ఎన్నడూ కలపకూడదు. విషవాయువులు పుడతాయి.

ముక్కవాసన: సరిగ్గా ఆరని బట్టలో బూజు, బాక్టీరియా పెరుగుతాయి. 2012లో జపాన్ శాస్త్రజ్ఞులు ఉతికిన బట్టల్లో వచ్చే తడి వాసనకు మొరాక్సెల్లా అనే బాక్టీరియా ముఖ్యకారణమని చూపించారు. ఇది మామూలు ఉతుకుడుకు, ఆరడానికి కూడా తట్టుకొని బతుకుతుంది. దీనికి వేడినీళ్ళు, గట్టి ఎండ కావాలి. చాకిరేవులో బట్టలను బానలో ఉడకబెట్టడం ఎంత తెలివైన పనో ఇప్పుడు అర్థమైందా?

బట్ట ఏ నూలుదో కూడా చూడండి. 2014లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వ్యాయామం చేసినవారి చొక్కాలను పరీక్షించారు. నూలుచొక్కాల కంటే పాలిస్టరు చొక్కాలకే దుర్వాసన ఎక్కువగా ఉంది. పాలిస్టరు నీటిని పీల్చదు, జిడ్డును మాత్రం పట్టుకుంటుంది. పసిబిడ్డకు పాతబట్ట కొనేటప్పుడు నూలుదైతే వాసన వదలడం కూడా తేలిక.

కలరా ఉండల వాసన: దీనికి చన్నీళ్ళు చాలవు. నాఫ్తలీన్ వెళ్ళవలసిన దారి గాలి. ఆవిరై వచ్చినది ఆవిరయ్యే పోవాలి. బట్టలను ఇంట్లో కాకుండా ఆరుబయట, గాలీ ఎండా తగిలేచోట కొన్నాళ్ళు వేలాడదీయండి. తరువాత సబ్బు, వేడినీళ్ళతో ఉతకండి. సబ్బు అణువులు జిడ్డులో కరిగేవాటిని చుట్టుముట్టి నీళ్ళలోకి లాగుతాయి. మళ్ళీ ఎండేయండి. వాసన పూర్తిగా పోయేదాకా ఆ బట్టను ఇస్త్రీ చేయకండి. వేడికి ఆవిరి ఒక్కసారిగా లేస్తుంది. ఎన్నిసార్లు చేసినా వాసన పోకపోతే ఆ బట్ట పసిబిడ్డకు వద్దు. ఇంకొక సంగతి. కాసేపు పీల్చిన వాసనకు ముక్కు అలవాటు పడిపోతుంది. కాబట్టి వాసన పోయిందో లేదో బయటి నుంచి అప్పుడే వచ్చినవాళ్ళను అడగండి.

ఉతికే మందు కూడా బట్టలో మిగలకూడదు. 1967లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒక పసిపిల్లల ఆస్పత్రి విభాగంలో బిడ్డలు విపరీతంగా చెమటలు పట్టి, జ్వరంతో ఊపిరి ఆడక బాధపడ్డారు. తీవ్రంగా జబ్బుపడిన 9 మందిలో ఇద్దరు చనిపోయారు. వెతకగా వెతకగా కారణం ఉతుకుడులో దొరికింది. గుడ్డల్లో క్రిములు పెరగకుండా జాడింపు నీళ్ళలో కలిపిన మందులో పెంటాక్లోరోఫినాల్ ఉంది. అది గుడ్డల్లో మిగిలి చర్మం గుండా లోపలికి వెళ్ళింది. 1886లో సిరా, 1963లో ఉండ, 1967లో జాడింపు మందు. మూడూ బట్టను బాగా ఉంచాలని చేసిన పనులే!

మీరే చేసి చూడండి

ఒకే నూలుగుడ్డ నుంచి నాలుగు ముక్కలు కత్తిరించండి. వాటిని ఇంగువ డబ్బాలో ఒక రాత్రంతా ఉంచండి. మర్నాడు ఒకదాని మీద పౌడరు చల్లండి. ఒకదాన్ని చన్నీళ్ళలో ముంచి ఆరేయండి. మూడోదాన్ని సబ్బు, వేడినీళ్ళతో ఉతికి ఎండేయండి. నాలుగోదాన్ని ఊరికే గాలికి వేలాడదీయండి. సాయంత్రం కళ్ళు మూసుకున్న స్నేహితుని చేత వాసన చూపించి, ఎక్కువ నుంచి తక్కువకు వరసలో పెట్టించండి. ఇదే ప్రయోగం పాలిస్టరు ముక్కలతో కూడా చేసి ఫలితాలు పోల్చండి. కలరా ఉండలతో మాత్రం ఈ ప్రయోగం చేయవద్దు.

మనం ఏం చేయాలి?

2002లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నాఫ్తలీన్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. 2008లో యూరోపియన్ యూనియన్ నాఫ్తలీన్ ఉండల అమ్మకాన్ని ఆపింది. మన కిరాణా కొట్లలో ఈ తెల్లని ఉండలు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. కొన్నింటిలో నాఫ్తలీన్‌కు బదులు పారాడైక్లోరోబెంజీన్ అనే వేరే పదార్థం ఉంటుంది. అది కూడా పసిపిల్లలున్న గదిలో ఉంచదగినది కాదు. చూడటానికి పిప్పరమెంటు బిళ్ళల్లా ఉంటాయి కాబట్టి పాకే పిల్లలు నోట్లో పెట్టుకునే ప్రమాదం కూడా ఉంది.

కాబట్టి మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని పురుడు రాబోతున్నదంటే ఒక పని చేయండి. పెట్టెలోంచి తీసిన బట్టలైనా, పొట్లంలో వచ్చిన బట్టలైనా ముందు మీరు వాసన చూడండి. ఉండల వాసన ఉంటే బిడ్డ ఇంటికి రాకముందే వాటిని ఆరుబయటికి తరలించండి. ఉండలను బిడ్డ ఉండే గది బీరువాలోంచి తీసేయండి. బిడ్డ చిన్నచొక్కాలను ఉతికి, కరకరలాడేలా ఎండబెట్టి, శుభ్రమైన నూలుసంచిలో కట్టిపెడితే చాలు. మరే వాసనా అక్కరలేదు.

ఒకవేళ ఆ బట్టలు వాడిన బిడ్డ పాలిపోయినా, కళ్ళు, ఒళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురురంగులో వచ్చినా, పాలు తాగకుండా మత్తుగా పడుకున్నా ఒక్క గంట కూడా ఆగకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళమని చెప్పండి. డాక్టరుకు చెప్పవలసిన మాట ఒకటుంది: "బట్టల్లో కలరా ఉండలు పెట్టాం." పసిబిడ్డలకు కామెర్లు చాలా కారణాల వల్ల వస్తాయి. ఆ ఒక్కమాట వింటే డాక్టరు సరైన రక్తపరీక్ష వెంటనే చేయించగలరు. ఆ మాట ఎవరూ చెప్పకపోతే ఊహించడం ఆయనకు కష్టం. 1963లో గ్రీసు వైద్యులు కూడా తల్లులను అడిగి, ఇళ్ళలోని దుప్పట్ల సంగతి తెలుసుకున్నాకే ఆ 21 మంది బిడ్డల జబ్బుకు కారణం చెప్పగలిగారు.